గడప దాటాక సంచి నాది

నా మీద దొంగతనం కేసు పెట్టిన బట్టల అంగడి యజమానికి, ఆ దొంగతనం చేసింది నేను కాదని మొదటినుంచీ తెలుసు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. మా నాన్నతో అనలేదు, నా తరఫున కోర్టుకు వచ్చిన ప్లీడరుగారితో అనలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నా అందులోనూ రాయలేదు. ఆ నెలల పేజీల్లో తారీకులున్నాయి, కింద ఖాళీ. ఇంట్లోనూ హాస్టల్లోనూ నా పెట్టె నేను లేనప్పుడు ఎవరు తెరుస్తున్నారో తెలియని కాలమది.

మేము బళ్ళారి వాళ్ళం కాదు. తుంగభద్ర కాలవ నీళ్ళు వస్తున్నాయని తెలిసి, మా నాన్న కృష్ణ ఒడ్డున ఉన్న కొద్దిపాటి పొలం అమ్మేసి ఇక్కడి నల్లరేగడి కొన్నాడు. మాలాగే వచ్చిన కుటుంబాలు పొలాల పక్కనే పాకలు వేసుకుంటే ఆ చోటుకి క్యాంపు అని పేరు పడింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మమ్మల్ని కాలవోళ్ళు అనేవారు. మేము వాళ్ళ వీధిలోంచి నడిచిపోతే వెనక దొడ్డి తలుపు గడియ పడిన చప్పుడు వినబడేది. మా అమ్మ మాత్రం తక్కువ తిందా? వాళ్ళ దగ్గర పాలు పోయించుకుంటూ చెంబులోకి తొంగి చూసి, "ఇందులో కాలవ ఎంత, గేదె ఎంత?" అని గొణిగేది. ఒకరినొకరు నమ్మకుండానే పక్కపక్కన బతకడం మాకందరికీ అలవాటైపోయింది.

నన్ను బళ్ళారిలో హాస్టల్లో పెట్టి హైస్కూలు చదివించారు. అక్కడ నా బెంచీలో నా పక్కన కూచున్న అమ్మాయే తర్వాత నా ఒకే ఒక్క స్నేహితురాలయింది. వాళ్ళది తరాలనుంచీ ఊళ్ళో ఉంటున్న తెలుగు వ్యాపారుల ఇల్లు. వాళ్ళ నాన్నకి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి ఉంది. నాకు నలుగురిలో నోరు పెగలదు; ఆమెకి మూతపడదు. నా తెలుగంటే ఆమెకి ఒకటే నవ్వు.

"ఏమండీ, ఎక్కడికి వెళుతున్నారండీ?" అని నన్ను వెక్కిరించేది. "మీ మాటలు వింటాంటే నాటకం చూస్తాన్నట్లు ఉంటాది మే."

పరీక్షలు కాగానే ఆమె చదువు మాన్పించారు. నేను ఆ ఊళ్ళోనే టీచర్ల ట్రైనింగులో చేరాను. ఆ తర్వాత మేము కలుసుకునేది శుక్రవారం సాయంత్రాలు మాత్రమే. గుడికని ఇంట్లో చెప్పి బయలుదేరేది. గుడికి వెళ్ళేవాళ్ళం కూడా. కానీ గుడికంటే ముందు బట్టల అంగడి.

ఇందుకు కారణముంది. వాళ్ళ ఇంట్లో ఆడపిల్లలు అంగళ్ళకి వెళ్ళరు. పండగ వస్తే అంగడివాళ్ళే చీరల మూట ఇంటికి పంపిస్తారు. ఇంటికి పెద్దదైన అవ్వ నడవాలో చాప మీద కూచుని ఒక్కొక్కటే విప్పించి, ఎవరికేది అన్నది తనే తేల్చి, మిగిలినవి తిరిగి కట్టించి పంపేస్తుంది. పిల్లలు చూడవచ్చు, వేలు పెట్టి చూపించకూడదు. అందుకే ఆమెకి అంగట్లో పరుపు మీద కూచుని తన చేత్తో బట్ట తాకడమంటే అంత ఇష్టం. యజమాని వాళ్ళ నాన్నకి బాగా తెలిసినవాడు, వాళ్ళవాడే. మామా అని పిలిచేది. ఆయన కూడా ఇంట్లో చెప్పకుండా నవ్వి ఊరుకునేవాడు.

ఇంకో కట్టుబాటు ఉంది. బజారులో వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు చేత్తో ఏమీ మోయకూడదు. వెనక ఎవరైనా మనిషి మోసుకుని రావాలి. అంగడి గడప లోపల సంచి ఆమె పక్కనే ఉండేది; గడప దాటగానే నా చేతికి వచ్చేది. సంచి నాదే, హాస్టల్నుంచి పుస్తకాలు పెట్టుకుని వచ్చే ఖద్దరు సంచి. ఆమె కొన్నవి కూడా అందులోనే.

"నీవి నువ్వు మోసుకోవచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"మా నాయన అంగడి ముందర నేను మూట మోసుకోని పోతే, రేపు తెల్లారేసరికి నాయన దివాలా తీసినాడని బజారంతా చెప్పుకుంటారు. నీకేం, కాలవోళ్ళ పిల్లవి. గడ్డిమోపులు మోసిన తల నీది."

నవ్వింది. నేనూ నవ్వాను. నిజంగా మోసిన తలే.

ఆ శుక్రవారం ఎప్పటిలాగే వెళ్ళాం. నా కాళ్ళు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. తెల్లటి పరుపు మీద అడుగు పెట్టడానికి మొహమాటమేసి గడప పక్కనున్న చెక్క బల్ల మీద కూచుని లైబ్రరీ పుస్తకం తెరిచాను. సంచి ఆమెతో పరుపు మీదికి వెళ్ళింది.

"మామా, నైలాను చీరలు వచ్చినాయంట గదా, ఒకటి చూపీ."

"మీ అవ్వకి తెలిస్తే నన్ను బతకనీదు పాపా."

"అవ్వ నైలానంటే చేపలు పట్టే వల అనుకోనుండాది. కట్టుకుంటే ముండ్లు గుచ్చుకుంటాయా అని అడిగింది."

గుమాస్తాలు కూడా నవ్వారు. అప్పుడే ఊళ్ళోకి కొత్తగా వస్తున్నాయి ఆ చీరలు. మొత్తం చీర మడిస్తే పిడికిట్లో పట్టేది. నేను ఒక్కసారి తలెత్తి చూసి, చిలకపచ్చ రంగుది ఒకటి ఆమె ఒళ్ళో ఉండటం గమనించి, మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయాను.

ఇంతలో దీపం వేళయింది. ఆ అంగట్లో అది పెద్ద తంతు. యజమాని కొలకర్ర కింద పెట్టి లేస్తాడు. బేరం ఆగిపోతుంది. గోడ గూట్లో లక్ష్మి పటం ముందు ఆయనే స్వయంగా అగ్గిపుల్ల గీసి దీపం ముట్టిస్తాడు. అంతసేపూ ఎవరూ మాట్లాడరు. లేదు, కాదు అన్న మాట కూడా ఎవరి నోటా రాకూడదు. తర్వాత ఆడవాళ్ళకి కుంకుమ, కలకండ పలుకు. నేను లేచి నిలబడి కళ్ళు మూసుకున్నాను. దీపం చూస్తే నేనెప్పుడూ కళ్ళు మూసుకుంటాను. కళ్ళు తెరిచేసరికి ఆమె రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది, మా అందరికన్నా భక్తిగా.

రిబ్బను ముక్క ఒకటి కొని బయటికి వచ్చాం. గడప దాటగానే సంచి నా చేతికి వచ్చింది. బరువు తేడా తెలియలేదు. నైలాను చీరకి బరువేముంటుంది?

ఆ రోజు గుడికి పోలేదు. తలనొప్పి అంది. ఇత్తడి బజారు మలుపులో ఆగి, "రిబ్బను నీకాడే పెట్టుకో, వచ్చే వారం తీసుకుంటాలే," అంది. అది కొత్త మాటేం కాదు. చాలాసార్లు అలాగే అనేది. నేను ఒక్కదాన్నీ హాస్టలు దారి పట్టాను.

సర్కిల్ దగ్గర సోడా అంగడి ముందు ఆ బట్టల అంగడి గుమాస్తా, ఒక కానిస్టేబులు నిలబడి ఉన్నారు. వాళ్ళు నా వెనక రాలేదు. నాకంటే ముందే వచ్చి, నేను వచ్చే దారి వైపు తిరిగి నిలబడి ఉన్నారు. దీన్ని నేను తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

"ఏయ్, నిల్లమ్మా. చీల తోర్సు," అన్నాడు కానిస్టేబులు. ఆగమని, సంచి చూపించమని. నాకు కన్నడం అర్థమయింది గాని చేతులు కదల్లేదు. ఆయనే సంచి లాక్కుని సోడా బల్ల మీద బోర్లించాడు. పుస్తకం పడింది, సబ్బు పడింది, రిబ్బను పడింది. ఆఖరున చిలకపచ్చ చీర పడి, నీళ్ళలా జారి, బల్ల అంచు మీదనుంచి కిందికి వేలాడింది.

"ఎవరప్పా? కాలవోళ్ళా?" అన్నాడెవరో.

"వాళ్ళే. చూసేకి ఎంత మెత్తగా ఉండాదో చూడు."

"మెత్తగా ఉండేటోళ్ళే అప్పా. గట్టిగా ఉండేటోళ్ళు అడిగి తీస్కోని పోతారు."

నవ్వులు. నేను చీర వైపే చూస్తున్నాను. అది దుమ్ములో పడుతుందేమో, మాసిపోతుందేమో అన్నదొక్కటే ఆ క్షణంలో నా భయం.

పోలీసు స్టేషన్లో సబ్ ఇన్‌స్పెక్టరుగారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను: సంచి నాది, చీర నేను పెట్టలేదు, నాతో నా స్నేహితురాలు ఉంది. ఇల్లెక్కడో చెప్పాను. కానిస్టేబులు వెళ్ళి వచ్చాడు. తలుపు దగ్గరికి అవ్వే వచ్చిందట.

"మా ఇంట్లో ఆడపిల్లలు అంగడి మెట్టెక్కరు. గుడ్డలు మా ఇంటికే వస్తాయి. ఈ సంగతి బజారులో చిన్నపిల్లోన్ని అడిగినా చెప్తాడు," అందట. అతను దారిలో ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు. నిజమే, చెప్పారు.

యజమాని ఫిర్యాదు అప్పటికే తయారై ఉంది. సబ్ ఇన్‌స్పెక్టరుగారు నాకు తెలుగులో చదివి చెప్పారు. సాయంత్రం ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. రెండో పిల్ల ఎవరో సరిగా చూడలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక బట్టలు మడత పెడుతుంటే చీర ఒకటి కనబడలేదు. అనుమానం వచ్చి గుమాస్తాను పంపాను అని ఉంది అందులో.

మామా అని పిలిచే పిల్లను ఆయన సరిగా చూడలేదట.

హాస్టలు వార్డెనమ్మ పూచీ మీద నన్ను ఆ రాత్రే పంపించారు. ఆమె గదిలోకి రాగానే తన బీరువా తాళం లాగి చూసుకుంది. పడే ఉంది. అయినా ఇంకోసారి లాగింది.

నాన్న వచ్చి జామీను పెట్టి నన్ను క్యాంపుకి తీసుకెళ్ళాడు. కాలవ గట్టు మీద నడుస్తుండగా, నా వైపు చూడకుండా, నీళ్ళతో మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"కట్టుకోవాలని అనిపించిందా అమ్మా? అనిపిస్తే తప్పు కాదు. నాతో చెప్పు. నేను ఎవరికీ చెప్పను."

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. అంత మెత్తగా అడిగేసరికి ఏడుపు కూడా రాలేదు. ఆయన నన్ను అప్పటికే క్షమించేశాడు. చెయ్యని పనికి క్షమాపణ దొరికితే దాన్ని ఏం చేసుకోవాలి?

అమ్మ నా పెట్టె ముందు కూచుంది. ఒక్కొక్కటే తీసి వెలుగుకి పట్టి చూసింది.

"ఇదెక్కడిది?"

"నువ్వు కొన్నదే. మొన్న పండక్కి."

"ఇది?"

"అదీ నువ్వే."

"ఊఁ," అంది, నమ్మనట్టు. తను కొన్న దువ్వెనను తనే అటూ ఇటూ తిప్పి చూసింది.

అమ్మను ఏమనగలను? నేనూ అదే పని చేస్తున్నాను కదా. చాప మీద పడుకుని పాత శుక్రవారాలన్నీ బయటికి తీసి వెలుగుకి పట్టుకుంటున్నాను. ఒకసారి నా సంచిలోంచి మొహానికి రాసుకునే స్నో డబ్బా తీసుకుంది. అది ఎప్పుడు కొన్నాం? ఒకసారి పూసల దండ. ఒకసారి అద్దం. "ఈ పొద్దు నీ సంచి బాగా బలిసిందే," అని నవ్విన రోజు ఒకటుంది. ఆ నవ్వు ఎలాంటిది? ఎన్నాళ్ళనుంచి నేను ఆమె దొంగసొమ్ము మోస్తున్నాను? లేక అవన్నీ నిజంగా కొన్నవే, ఈ ఒక్కటే కాదా? ఇంకా లోతుకి పోతే, ఆ చీర ఎవరైనా సర్కిల్ దగ్గర పెట్టారా అని కూడా అనుకున్నాను. చివరికి నన్ను కూడా వదల్లేదు. కళ్ళు మూసుకున్న ఆ కాసేపు నా చెయ్యి ఎక్కడుంది? పుస్తకం మీదే ఉందా? ఒకే ప్రశ్న ఊరంతా అడుగుతుంటే, మనకి తెలిసిన జవాబు కూడా మనకే అబద్ధంలా వినబడుతుంది.

ట్రైనింగు స్కూలు నుంచి కబురు వచ్చింది. నాన్న, నేను వెళ్ళి హెడ్‌మిస్ట్రెసు గారి ముందు నిలబడ్డాం. ఆమె కఠినంగా ఏమీ అనలేదు.

"కేసు తేలేవరకు క్లాసుకి రావద్దు. శిక్ష పడకపోతే సీటు ఉంటుంది. పడితే ఉండదు. ఇక్కడే కాదు, ఏ సర్కారు బడిలోనూ తీసుకోరు," అంది.

బడి ఉద్యోగం నాకు ఉద్యోగం ఒక్కటే కాదు. తలుపున్న ఒక గది, జీతం డబ్బుతో కొనుక్కునే పుస్తకాలు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేని సాయంత్రాలు. పిల్లల ముందు నాకు భయం వేయదు. పెద్దవాళ్ళ ముందే వేస్తుంది. అందుకే ఆ ఒక్క దారి ఏరుకున్నాను. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా చిలకపచ్చ చీర.

కేసు విచారణకు వచ్చే ముందు యజమాని రాజీ మాటలకి ప్లీడరుగారింటికి వచ్చాడు. అరుగు మీద ఆయన, మా నాన్న, ప్లీడరుగారు. నన్ను లోపల కూచోమన్నారు. ప్లీడరుగారి భార్య చేటలో బియ్యం పోసి ఏరుతుంటే నేనూ ఓ పక్కన కూచుని రాళ్ళు ఏరుతున్నాను. తలుపు ఓరగా ఉంది.

"పాప చిన్నది. నాకూ ఆడబిడ్డలుండారు," అంటున్నాడు యజమాని. "తప్పయిందని ఒక మాట ఒప్పుకుంటే మెజిస్ట్రేటు బుద్ధి చెప్పి ఇడిసిపెడ్తాడు. నేనూ పాప మంచిదేనని చెప్తా. ఈ కోర్టు సుట్టూ తిరిగేది నాకూ బాగలేదప్పా."

"ఒప్పుకుంటే దాని చదువు పోతుందండీ," అన్నాడు నాన్న.

"చదువుదేముంది లేప్పా. జైలుకి పొయ్యేదాని కన్నా మేలు గదా."

నాన్న తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్న చప్పుడు వినబడింది. ఆయన ఒప్పుకోవడం వైపు జరుగుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత, బాధ కొద్దీ అన్నాడు:

"ఆ పూట అంగట్లోనే అడిగి, మీ చీర మీరు తీసుకుని పంపించేసి ఉంటే పోయేది కదండీ. నలుగురిలో ఇంత రచ్చ అయ్యేది కాదు."

"ఎట్లడుగుతానప్పా?" యజమాని గొంతు లేచింది. అందులో కొంత గర్వం కూడా ఉంది. "లచ్చుమి వేళ. అగ్గిపుల్ల నా చేతిలో మండుతాండాది. చీర సంచిలోకి పొయ్యేది కండ్లారా చూస్తానే ఉండా. నోరు తెరిస్తే ఒట్టు. దీపం ముందర దొంగ అనే మాట మా తాత కాలం నుంచీ మా అంగట్లో ఎవురూ అన్లేదు. వీళ్ళు కుంకం పెట్టించుకుంటాంటే గుమాస్తాకి కండ్లతోనే చెప్పినా, ముందు పోయి సర్కిల్ కాడ నిలబడమని. మా ఆచారం అట్లాంటిదప్పా."

నాన్న తలూపినట్టున్నాడు. ప్లీడరుగారు కాగితాల్లో ఏదో వెతుకుతున్నారు. ఎవరికీ ఏమీ పట్టలేదు.

నా చేతిలో బియ్యం గింజలు వేళ్ళ మధ్య నుంచి జారిపోయాయి. వాళ్ళు వెళ్ళాక మడత పెడుతుంటే తెలిసిందని కదా రాయించాడు. ఇప్పుడు కళ్ళారా చూశానంటున్నాడు. చీర సంచిలోకి వెళ్ళడం చూసినవాడు, ఆ సంచి పక్కనున్న చేతిని చూడకుండా ఉంటాడా? నేను గడప దగ్గర బల్ల పక్కన నిలబడి ఉన్నాను. సంచి పరుపు మీద ఉంది. ఆయనకి తెలుసు. సరుకు ఎవరి చేతిలో దొరికితే వాళ్ళే దొంగ అయ్యేలా, ఆమె మలుపు తిరిగి వాళ్ళ సందులోకి వెళ్ళిపోయేదాకా ఆగి, నన్ను పట్టించాడు. ఎదురుబొదురు అంగళ్ళలో పొద్దున్నే మొహాలు చూసుకోవాల్సిన మనుషులు వాళ్ళు. మేము కాలవ మీద వచ్చినవాళ్ళం.

"ఏమమ్మా, అట్లయిపోయినావు? నీళ్ళు కావాల్నా?" అంది ప్లీడరుగారి భార్య. ఆమె కట్టుకున్న చీర అంచు చూశాను. ఆ అంగడిదే. మూట ఇంటికొచ్చినప్పుడు ఏరుకున్నది అయి ఉంటుంది. ప్లీడరుగారికి చెబుదామని లేవబోయినదాన్ని మళ్ళీ కూచుండిపోయాను. ఆయన మంచివాడే. కానీ ఆ వేళకి మంచివాళ్ళంటే నాకు ఇంకా ఎక్కువ అనుమానం. చెబితే ఆయన యజమానితో ఒక మాట అంటాడు, యజమాని నేనట్లా అన్లేదే అంటాడు, అక్కడితో నా చేతిలో ఉన్నది కూడా పోతుంది.

యజమాని వెళ్ళాక నాన్న లోపలికి వచ్చాడు. "ఒప్పుకుంటే..." అని మొదలుపెట్టాడు.

"ఒప్పుకోను," అన్నాను.

నాన్న నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

కోర్టు హాల్లో నేను తల ఎత్తలేదు. బోనులో నిలబడితే కమ్మీ మీద ఎవరెవరి చేతులో అరగదీసిన నునుపు కనబడింది. యజమాని ప్రమాణం చేసి ఫిర్యాదులో ఉన్నదే మళ్ళీ చెప్పాడు. ప్లీడరుగారు అడగవలసినవి అడిగారు: అంగట్లో జనం ఉన్నారా, ఆ రకం చీరలు ఎన్ని ఉన్నాయి, రెండో పిల్ల ఎవరు. జనం ఉన్నారు, లెక్క చూడాలి, రెండో పిల్ల ఎవరో తెలియదు. ప్లీడరుగారు కూచోబోతూ, ఇంకేమైనా ఉందా అన్నట్టు నా వైపు తిరిగారు. నేను ఆయన చెవిలో ఒక ప్రశ్న చెప్పాను.

"ఇదేం ప్రశ్నమ్మా? దీంతో ఏం పని?" అని విసుక్కున్నారు.

మెజిస్ట్రేటుగారు ముసలాయన. మేము గుసగుసలాడటం చూసి, "అవళే కేళలి," అన్నారు. ఆమెనే అడగనివ్వమని. నా వైపు చూసి, "హెదరబేడమ్మా," అన్నారు. భయపడవద్దని.

నా గొంతు నాకే వినబడలేదు. రెండోసారి అడగాల్సి వచ్చింది.

"మీరు దీపం వెలిగిస్తున్నప్పుడు, నా చేతిసంచి ఎవరి పక్కన ఉందండీ?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నా అండీలకో, దీపానికో తెలియదు. కోర్టు గుమాస్తా ఒకడు అది కన్నడంలోకి మార్చి మెజిస్ట్రేటుగారికి చెప్పాడు.

అప్పుడు మొదటిసారి తలెత్తి యజమాని మొహం చూశాను. నీ పక్కనే అని ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోయేది. ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, అగ్గిపుల్ల పట్టుకున్నట్టు. నాకేసి చూశాడు. నాకు తెలుసని ఆయనకి తెలిసింది. ప్రమాణం చేసి ఫిర్యాదులోని అబద్ధం చెప్పగలిగిన మనిషి, దీపం మాట వచ్చేసరికి ఆగిపోయాడు. ఆ హాల్లో అది మా ఇద్దరికి తప్ప ఎవరికీ కనబడలేదు.

"నెనపిల్ల స్వామీ," అన్నాడు. గుర్తు లేదని. అప్పటిదాకా తెలుగులో సాక్ష్యం చెప్పినవాడు ఆ మాట కన్నడంలో అన్నాడు.

"ఈమె చీర తీయడం నువ్వు చూశావా, లేదా?" అని అడిగారు మెజిస్ట్రేటుగారు.

"ఇల్ల."

చూడలేదు.

తర్వాతి వాయిదాకి నన్ను వదిలేశారు. నేను చెయ్యలేదని ఎవరూ అనలేదు. చేసినట్టు సందేహం లేకుండా రుజువు కాలేదు కాబట్టి వదిలేస్తున్నామన్నారు. బయట చింతచెట్టు కింద నిలబడ్డవాళ్ళు అప్పుడే చెప్పుకుంటున్నారు.

"షావుకారింటికి వడ్లబండి తోలినారంట కాలవోళ్ళు."

"లేకపోతే అంత తెలివిగల్లోనికి నెనపు లేకుండా పోతాదా?"

నాన్న విన్నాడు. బస్సులో నా పక్కన కూచుని, చాలా దూరం వచ్చాక అడిగాడు.

"ఆ దీపం మాట ఏంటమ్మా?"

"ఊరికే అడిగాను."

ఆయన మళ్ళీ అడగలేదు. కానీ ఆ తర్వాత నన్ను చూసే చూపులో ఏదో ఒకటి ఉండిపోయింది. మొదట చీర గురించి అనుమానం, ఇప్పుడు దీపం గురించి. చెప్పేస్తే పోయేది కదా అని నాకూ చాలాసార్లు అనిపించింది. చెప్పకపోవడానికి నాకున్న కారణం చిన్నది. నేను చెబితే నమ్మేవాళ్ళు కూడా, నమ్మే ముందు ఒక్క క్షణం నా మొహంలోకి వెతుకుతూ చూస్తారు. ఆ క్షణం నాకు చాలు అనిపించింది. ఇంకొకటి వద్దు.

నా సీటు నాకు ఇచ్చారు. నేను క్లాసులోకి వచ్చినప్పుడు కుట్టుపని బీరువా తలుపులు మూసేవారు. అదీ అలవాటైంది. ట్రైనింగు పూర్తిచేశాను. నన్ను రూపనగుడి బడికి వేశారు.

నా స్నేహితురాలు ఆ శుక్రవారం తర్వాత, ట్రైనింగు పూర్తయ్యేదాకా నాకు కనబడలేదు. ఆదోనిలో మేనత్త ఇంటికి పంపించేశారని విన్నాను. ఎందుకు తీసింది? ఆమె అడిగితే అవ్వ కాకపోయినా వాళ్ళ నాన్న కొనిపెట్టేవాడు. నన్ను పట్టిస్తారని తెలుసా? తలనొప్పి నిజమేనా? ఇవి ఇప్పటికీ నాకు తెలియవు.

రూపనగుడికి బయలుదేరిన రోజు నా ట్రంకు పెట్టె బస్సు మీదికి ఎక్కించి కింద నిలబడి ఉన్నాను. నాన్న టిక్కెట్టు కోసం వెళ్ళాడు. అమ్మ కొత్తగా కుట్టిన సంచి నా భుజాన ఉంది. పాతది కోర్టునుంచి తిరిగి వచ్చింది గాని అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టేసింది. రోడ్డుకి అవతల ఎవరో ముసలావిడను నిలబెట్టి, నా స్నేహితురాలు ఒక్కతే దాటి వచ్చింది. బాగా చిక్కిపోయింది. చేతులు ఖాళీగా ఉన్నాయి, ఎప్పటిలాగే.

"పంతులమ్మ అయినావంట."

"ఊఁ."

"రూపనగుడా? ఆడ నీళ్ళు బురదగా ఉంటాయంట. కుండలో ఇండుపు గింజ అరగదీసి ఏసుకో, తేటపడ్తాయి."

"ఊఁ."

ఆమె ఇంకేదో అంటుందని చూశాను. ఆ చీర మాట అంటుందని. ఆమె అనలేదు. నా భుజం వైపు చూసింది. బస్‌స్టాండులో వాళ్ళ నాన్నను ఎరిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారో. టీ అంగడివాడు అప్పుడే మా వైపు తిరిగి చూస్తున్నాడు. ఆమె చెయ్యి చాచింది. నేను సంచిని ముందుకి లాక్కుని రెండు చేతులతో పట్టుకున్నాను. అది ఆలోచించి చేసింది కాదు. చేతులు వాటంతట అవే చేశాయి.

ఇంజను మొదలైంది. నాన్న పిలిచాడు. ఎక్కి కూచున్నాను. ఊరు దాటాక, సంగనకల్లు గుట్టలు వెనకబడ్డాక, ఒళ్ళో సంచి విప్పి లోపలున్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. ఏదీ పోలేదు. కొత్తగా ఏదీ చేరలేదు. ఆమె అసలు తాకనేలేదు కదా. బస్‌స్టాండు నడిమధ్యలో, అందరూ చూస్తుండగా, చెయ్యి చాచి ఒక్క మాట అంది, అంతే.

"సంచి ఇట్లియ్యే. ఈ పొద్దు నేను మోస్తా."